కామెర్లను కంటితో కొలవలేం

కావలి దగ్గర పల్లెలో మా మేనకోడలికి మొన్న వేసవిలో కొడుకు పుట్టాడు. ఫోను చేసిన చుట్టాలందరూ ముందు తల్లీబిడ్డల క్షేమం అడిగారు. ఆ వెంటనే అడిగినది బిడ్డ రంగు: తల్లి పోలికా, తండ్రి పోలికా?

మూడో రోజు చూడడానికి వెళ్లాను. గాలి తగలకూడదని బాలింత గది కిటికీలు మూసేశారు. మూలన చిన్న బల్బు వెలుగుతోంది. అప్పుడే నీళ్లు పోసిన బిడ్డ మెడ మడతల్లో సున్నిపిండీ పసుపూ ఇంకా అంటుకునే ఉన్నాయి. పాలకు కూడా లేవకుండా నిద్రపోతున్నాడు. "బుద్ధిమంతుడు, ఏడవనే ఏడవడు" అని అమ్మమ్మ మురిసిపోతోంది. అంతలో ఆశా కార్యకర్త వచ్చింది. బిడ్డను పగటి వెలుతురున్న వసారాలోకి తెమ్మంది. తడిగుడ్డతో ఒళ్లు తుడిపించి, బొటనవేలితో నుదుటిమీద మెల్లగా నొక్కి వదిలింది. తర్వాత ఛాతీమీద, ఆ తర్వాత పొట్టమీద. వేలు తీసిన చోట చర్మం పాలిపోయి, మళ్లీ నెత్తురు పారేలోపు ఒక్క క్షణం పచ్చదనం కనిపించింది. తుడిస్తే పోయే పసుపు కాదది, కామెర్లు. ఆ సాయంత్రమే బిడ్డను నెల్లూరు తీసుకువెళ్లారు. రక్తపరీక్ష చేసి రెండు రోజులు నీలికాంతి కింద ఉంచారు. ఇప్పుడు బాగున్నాడు.

బాగున్నాడు కాబట్టే ఇది రాయగలుగుతున్నాను. నెలలు నిండి పుట్టిన బిడ్డల్లో నూటికి దాదాపు 60 మందికి, నెలలు నిండకుండా పుట్టినవారిలో 80 మందికి మొదటి వారంలో కామెర్లు కనిపిస్తాయి. పాతబడిన ఎర్రకణాలు విరిగినప్పుడు పుట్టే బిలిరుబిన్ అనే పచ్చని పదార్థాన్ని పసి కాలేయం వెంటనే బయటికి పంపలేకపోవడమే కారణం. చాలామందిలో అది తనంతట తానే తగ్గిపోతుంది. కొందరిలో హద్దు దాటి మెదడులోకి చేరుతుంది. అలా చేరితే వినికిడి పోవచ్చు, కాళ్లూ చేతులూ జీవితాంతం స్వాధీనంలో లేకుండా పోవచ్చు. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, అరచేతులూ అరికాళ్లూ పచ్చబడినా ఒక్క గంట కూడా ఆగకూడదు. మామూలుగా కామెర్లు ఎక్కువయ్యేది మూడు నుంచి అయిదు రోజుల మధ్య. మామూలు కాన్పు అయితే రెండో రోజుకే ఇంటికి పంపేస్తున్నారు. అంటే అసలు ప్రమాదం ఆసుపత్రిలో కాదు, పురిటిస్నానం ఇంకా కాని ఆ చీకటి గదిలో వస్తుంది.

ఇక్కడే చర్మం రంగు అడ్డుపడుతుంది. కామెర్లు తలనుంచి పాదాలవైపు దిగుతాయని, ఏ భాగం దాకా దిగాయో చూసి తీవ్రతను అంచనా వేయవచ్చని 1969లో క్రేమర్ అనే వైద్యుడు ప్రతిపాదించాడు. ఇప్పటికీ చాలాచోట్ల అదే కొలబద్ద. కానీ ఆ అంచనా అనుభవజ్ఞుల చేతుల్లో కూడా తప్పుతుందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ ఎక్కువున్న చామనఛాయ, నల్లని చర్మం మీద పచ్చదనాన్ని గుర్తించడం ఇంకా కష్టం. పుట్టిన నిమిషంలో బిడ్డ పరిస్థితి చూసి వేసే ఆప్గార్ స్కోరులో ఒక అంశం ఒంటి రంగు. బిడ్డ "గులాబీ రంగులో" ఉంటేనే పూర్తి మార్కులు. ఈ పద్ధతులు తెల్లని చర్మాన్ని ప్రమాణంగా తీసుకున్నాయని, వాటిని మార్చాలని బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌కు చెందిన జాతి, ఆరోగ్య పరిశీలన సంస్థ 2023లో చెప్పింది. లండన్‌లోని ఆసియా బిడ్డ విషయంలో వాళ్లకు కలిగిన సందేహం, ఉదయగిరిలోని బిడ్డ విషయంలో మనకు ఎప్పుడో కలగవలసింది.

కొలిచే సాధనం కొత్తదేమీ కాదు. చర్మానికి ఆనించి కాంతితో బిలిరుబిన్‌ను అంచనా కట్టే పరికరాన్ని జపాన్ వైద్యుడు యామనౌచి 1980లోనే పరిచయం చేశాడు. సూది గుచ్చనక్కరలేదు. ముదురు రంగు చర్మం మీద అది కొంత ఎక్కువగా చూపుతుందని ఆఫ్రికాలో జరిగిన అధ్యయనాలు చెప్పాయి. అందుకే దాని అంకె హద్దుకు దగ్గరైతే రక్తపరీక్ష చేసి నిర్ధారించుకోవాలి. ఎక్కువగా చూపి ఒక పరీక్ష అదనంగా చేయించడం, కంటికి ఆనక ఒక బిడ్డను పోగొట్టుకోవడం కంటే వెయ్యి రెట్లు మేలు. పుట్టి ఎన్ని గంటలైందో దాన్ని బట్టి ఏ అంకె ప్రమాదమో చెప్పే ప్రసిద్ధమైన పట్టికను 1999లో పిల్లల వైద్యుడు వినోద్ భుటాని బృందం అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టిన 2,840 మంది పిల్లల ఆధారంగా తయారుచేసింది. మంచి పట్టికే. కానీ మన పిల్లల చర్మం మీద ఆ పరికరం ఎంత తేడా చూపుతుందో మన దగ్గరే తేలాలి. నెల్లూరులో, ఒంగోలులో వైద్య కళాశాలలు ఉన్నాయి. ఎండీ విద్యార్థి ప్రతి ఒక్కరూ ఒక పరిశోధన పత్రం రాయాల్సిందే. పరికరం చూపిన అంకెనూ రక్తపరీక్ష అంకెనూ పక్కపక్కన పెట్టి, చర్మం ఛాయను కూడా నమోదు చేసే అధ్యయనానికి కోట్లు అక్కరలేదు.

ఎండలో పడుకోబెడితే తగ్గుతుందనే పెద్దల మాటలో నిజం లేకపోలేదు. 1956లో ఇంగ్లండులోని రోచ్‌ఫోర్డ్ ఆసుపత్రిలో నర్సు జీన్ వార్డ్ గమనించినది అదే: ఎండ తగిలిన చోట బిడ్డ ఒంటి పచ్చదనం తగ్గింది. నీలికాంతి చికిత్సకు దారి చూపింది ఆ గమనింపే. అయితే రోళ్లు పగిలే రోహిణి ఎండలో పసికందు కాసేపటికే వడలిపోతుంది, చర్మం కములుతుంది. నైజీరియాలో హానికరమైన కిరణాలను వడకట్టే పందిరి కింద, డాక్టర్ల పర్యవేక్షణలో ఎండను వాడి మంచి ఫలితం చూపించారు. మన వాకిట్లో అలాంటి పందిరి లేదు.

బీరువాలో దాచిన పాత బట్టలు బిడ్డకు తొడగడం మన ఆనవాయితీ. వాటి మధ్య వేసే కలరా ఉండలు నాఫ్తలీన్. ఎర్రకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న బిడ్డకు ఆ వాసన సోకినా ఎర్రకణాలు విరిగి కామెర్లు ఒక్కసారిగా పెరగవచ్చు.

తల్లి చర్మం సంగతి కూడా చెప్పాలి. గర్భంతో ఉన్నప్పుడు బుగ్గలమీద మంగు రావడం మామూలే, కాన్పు తర్వాత చాలామందిలో తగ్గుతుంది. ఈలోగా పేరూ ఊరూ లేని తెల్లబరిచే క్రీములు కొని రాస్తారు. కొన్నింటిలో పాదరసం ఉంటుంది. అది తల్లి చర్మం దాటి కడుపులోని బిడ్డను చేరుతుంది. బొల్లి ఉన్న తల్లిని బిడ్డకు పాలివ్వవద్దనడం మరీ ఘోరం. బొల్లి అంటువ్యాధి కాదు, పాల ద్వారా రాదు.

ఆశా కార్యకర్త సంచిలో బరువు తూచేందుకు త్రాసు ఉంది, జ్వరం చూసే థర్మామీటర్ ఉంది. కామెర్లకు మాత్రం ఆమె బొటనవేలే దిక్కు. కాంతితో కొలిచే ఆ పరికరం ఖరీదైనదే, ప్రతి సంచిలో పెట్టలేరు. ఉదయగిరి, ఆత్మకూరు లాంటి చోట్ల, నెల్లూరు చేరడానికే చాలాసేపు పట్టే ఊళ్లలో, కాన్పులు చేసే ప్రతి ప్రభుత్వ ఆసుపత్రికీ ఒక్కటి ఇవ్వాలి. ఇంటికి పంపేముందు ప్రతి బిడ్డకూ కొలిచి, ఆ అంకెను, మళ్లీ ఎప్పుడు రావాలో ఆ తేదీని తల్లి చేతిలోని కార్డు మీద రాసివ్వాలి.