కూలనని మొండికేసిన వంతెన

పాత రాతి వంతెనల మీద నా ఫిర్యాదు ఒక్కటే: అవి ఎవరికీ పని కల్పించవు. కాంక్రీటు వంతెన ఎంత బాధ్యతగా ఉంటుందో చూడండి. లోపలి ఊచలకు తడి తగిలితే తుప్పు పడుతుంది, ఆ తుప్పు ఉబ్బి పైనున్న కాంక్రీటును పెచ్చులు పెచ్చులుగా ఊడగొడుతుంది. ఇక తనిఖీ, అంచనా, టెండరు, మరమ్మతు, మళ్లీ రిబ్బను. ఎన్ని కుటుంబాలు బతుకుతాయి! రాతి కమానులో ఊచల సంగతే లేదు. ఉబ్బడానికి ఊచే లేకపోతే ఫైలు మీద ఏమని రాస్తారు?

అసలు కమాను పద్ధతే అనుమానాస్పదం. ముందు చెక్కతో సెంట్రింగ్ కట్టి, కింద సన్నగా, పైన వెడల్పుగా చెక్కిన రాళ్లను రెండు వైపుల నుంచీ దాని మీద పేర్చుకొస్తారు. నడినెత్తిన చివరి రాయి దిగ్గొట్టాక చెక్కలు లాగేస్తారు. అప్పటి నుంచి ప్రతి రాయీ పడబోతుంది, పక్క రాయి పడనివ్వదు. అందరూ పడాలని చూడటం వల్లే ఎవరూ పడని ఏర్పాటు ఇది. (సంకీర్ణ ప్రభుత్వాలూ ఇలాగే నడుస్తాయంటారు గానీ, అవి ఇన్నేళ్లు నిలిచిన దాఖలా లేదు.) పైన బరువు పడితే రాళ్లు ఇంకాస్త బిగుసుకుంటాయి. ఇంత మొండితనం దేనికి?

చైనాలో లీ చున్ క్రీ.శ. 605 ప్రాంతంలో కట్టిన అంజీ వంతెన ఒకే కమానుతో 37 మీటర్లు దాటుతుంది. రెండు పక్కలా చిన్న కమానులు పెట్టి వరదకు దారి కూడా వదిలాడు. వరద వచ్చి కొట్టుకుపోతుందేమోనన్న టెన్షన్ కూడా మనకు మిగల్చలేదు. స్పెయిన్‌లో రోమన్ చక్రవర్తి ట్రాజన్ కాలంలో అల్కాంతర వంతెన కట్టిన లాసెర్ అయితే, అది ప్రపంచం ఉన్నన్నాళ్లూ ఉంటుందని రాతి మీదే చెక్కించాడు. అంత గ్యారంటీ ఇచ్చిన కాంట్రాక్టరు మళ్లీ పుట్టలేదు.

అయితే నిరాశ పడాల్సిన పనిలేదు. అల్కాంతర కింద పారే టాగస్ నది వల్ల కాని పనిని యుద్ధాలు చేశాయి, దాని కమానులు ఒకటికి రెండుసార్లు పడ్డాయి. బోస్నియాలో 1566లో పూర్తయిన మోస్తార్ వంతెన 427 ఏళ్లు నదికి లొంగకుండా నిలిచి, 1993 నవంబరు 9న ఫిరంగులకు కూలింది. మనిషి పూనుకుంటే కానిదేముంది?

ఫిరంగులు మరీ మొరటు అనుకుంటే లండన్ వాళ్ల దారి ఉంది. 1831లో తెరిచిన లండన్ బ్రిడ్జి బరువుకు కుంగుతోందని 1968లో ఒక అమెరికన్ వ్యాపారికి 24,60,000 డాలర్లకు అమ్మేశారు. రాళ్లకు నంబర్లు వేసి అరిజోనా ఎడారికి తరలించారు. అక్కడ పొడినేల మీద కాంక్రీటు చట్రం కట్టి, దానికి ఆ రాళ్లను తొడుగులా తొడిగి, వంతెన కింద కాలువ తవ్వి నీళ్లు వదిలారు. 1971లో ప్రారంభోత్సవం కూడా చేశారు.

వారసత్వ పరిరక్షణ అంటే అదీ. చూసేవాళ్లకు పైన చరిత్ర, తనిఖీ చేసేవాళ్లకు లోపల ఊచలు. నది లేదన్న బెంగ అక్కర్లేదు, దానికి వేరే టెండరు పిలవొచ్చు.