మా బాబాయ్, ఏలియన్స్, నా బీఎస్సీ

రాత్రి ఏడుంపావుకి ఫ్యామిలీ గ్రూపులో బాబాయ్ వీడియో పెట్టాడు. వాళ్ల డాబా మీంచి తీసిందే. చీకట్లో చుక్కలు ముత్యాల సరంలా ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి, వెనకాల పిన్ని "కిందికి రండి ముందు" అని కేక. కింద బాబాయ్ రాత: "ఏలియన్స్ వచ్చేశాయి. గవర్నమెంట్ దాస్తోంది."

పప్పన్నం కలుపుతూ ఎడమ చేత్తో టైప్ చేశాను. "బాబాయ్, అవి స్టార్‌లింక్ ఉపగ్రహాలు. ఒకే రాకెట్లో పదుల కొద్దీ పంపుతారు, కొత్తలో అలా వరసగా పోతాయి. మనకి చీకటి పడ్డా అంత ఎత్తులో ఇంకా ఎండ ఉంటుంది, అందుకే మెరుస్తాయి."

జవాబు: "నీకన్నీ తెలుసమ్మా." దాని కింద నవ్వే బొమ్మలు మూడు. ముగ్గురూ అత్తయ్య పిల్లలే. గుర్తుపెట్టుకున్నాను.

ఇక జాతర మొదలు. ఇంఫాల్ వార్త తవ్వి తీశారు. 2023 నవంబర్లో అక్కడి ఎయిర్‌పోర్టు మీద ఏదో ఎగిరిందని విమానాలు గంటల తరబడి ఆపేశారు, రఫేల్ యుద్ధవిమానాలు వెళ్లి వెతికాయి, ఏమీ దొరకలేదు. నిజమే. మా బాబాయ్ నిఘంటువులో మాత్రం "దొరకలేదు" అంటే "దాచేశారు". ఇంట్లో కళ్లజోడు కనపడకపోయినా ఇదే లెక్క, పిన్ని దాచిందంటాడు. ఎప్పుడూ ఫ్రిజ్ మీదే ఉంటుంది.

సరే కదా అని లద్దాఖ్ సంగతి చెప్పాను. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా చైనా సరిహద్దులో మన సైనికులు ఆకాశంలో వెలుగులు చూసి, డ్రోన్లేమోనని 329 సార్లు రాసిపెట్టారు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్లు తేల్చింది ఏంటంటే, ఒకటి గురుడు, ఇంకోటి శుక్రుడు. ఆర్నెల్లు గ్రహాలకి కాపలా!

"చూశావా, సైన్యానికే కనిపించాయి" అన్నాడు బాబాయ్. సగం చదివి ఆపేశాడన్నమాట. అయ్యా, సైన్యం తెలియనప్పుడు తెలిసినవాళ్లని అడిగింది. ఇంట్లో ఫిజిక్స్ టీచర్ని పెట్టుకుని మీకేం వచ్చింది?

అంత దూరం ఎందుకు, 2022 డిసెంబర్లో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో ఇంత పెద్ద డబ్బా దిగింది, ఊరంతా ఏలియన్స్ అనుకున్నారు. టీఐఎఫ్ఆర్ అనే సైన్సు పరిశోధన సంస్థకి హైదరాబాద్‌లో ఉన్న బెలూన్ కేంద్రం నుంచి బెలూన్‌కి కట్టి వదిలిన స్పెయిన్ కంపెనీ క్యాప్సూల్ అది. ఇలాంటివి పడితే ముట్టుకోవద్దు, పోలీసులకి చెప్పండి అని ఆ కేంద్రం వాళ్లు ముందే ప్రకటన ఇస్తుంటారు, పేపర్లలోనూ వస్తుంది. మా బాబాయ్ పేపరు అక్షరం వదలడు. రాశిఫలాలైతే రెండుసార్లు.

అయినా నా మంట ఏలియన్స్ మీద కాదు. ఎంసెట్లో మంచి ర్యాంకు వచ్చినా కావాలని బీఎస్సీ ఫిజిక్స్ తీసుకున్నాను. ఆ వేసవిలో ఒక పెళ్లిలో, భోజనాల బంతిలో అందరి ముందూ ఈ బాబాయే, "సీటు రాలేదని చెప్పుకోడానికి మొహమాటం, పాపం" అన్నాడు. విస్తట్లో పూర్ణం బూరె అలాగే వదిలేసి లేచాను. ఇరవై ఏళ్లయింది.

రాత్రి పదకొండింటికి బాబాయ్ అల్లుడు డాలస్ నుంచి, లంచ్ టైమ్‌లో కాబోలు, గ్రూపులోకొచ్చాడు. "స్టార్‌లింక్ మామయ్యా." ఒక్క ముక్క. అంతే.

"ఓహో అలాగా! థాంక్యూ అల్లుడుగారూ, మీరు చెప్పాక క్లారిటీ వచ్చింది." పక్కన దండాలు రెండు. అత్తయ్య పిల్లలు ముగ్గురూ బొటనవేళ్లు.

ఆ అల్లుడుగారు చదివింది మెకానికల్. నా మెసేజ్ కింద ఆ మూడు నవ్వులూ ఇంకా అలాగే ఉన్నాయి.