క్వెరీ ఫలితం ఎక్స్‌ఎంఎల్ కావలసింది ఎక్కడ?

అప్లికేషన్ డేటాబేస్‌ను ఒక ప్రశ్న (క్వెరీ) అడుగుతుంది, జవాబుగా వరుసలు వస్తాయి. ఆ వరుసలు ప్రోగ్రామ్ లోపలి పొరల (డేటా తెచ్చే భాగం, బిల్లు చేసే భాగం వంటివాటి) మధ్య ఏ రూపంలో చేతులు మారాలన్నదే ఇక్కడి వివాదం. వచ్చిన వెంటనే వాటిని ఎక్స్‌ఎంఎల్ పత్రంగా, అంటే ప్రతి విలువనూ పేరున్న ట్యాగుల మధ్య పెట్టి రాసిన పాఠ్యంగా మార్చాలని, ఆ తరువాత అన్ని పొరలూ ఆ పత్రాన్నే చదువుకోవాలని పూర్వపక్షి వాదన. సమాచారం ప్రోగ్రామ్‌ను దాటి బయటి వ్యవస్థకు వెళ్లే సరిహద్దులో తప్ప ఎక్స్‌ఎంఎల్ అవసరం లేదని సిద్ధాంతి వాదన. నా మొగ్గు సిద్ధాంతి వైపే. అయితే ఎదుటి పక్షాన్ని బలహీనంగా చిత్రించి గెలిచినట్లు చూపించడం న్యాయం కాదు కనుక, ఆ పక్షాన నాకు తెలిసిన గట్టి వాదనలను దాచకుండా ఉంచాను.

పూర్వపక్షి: అయ్యా, డేటాబేస్ తయారీదారులే ఈ మార్పును ఇంజిన్ లోపలికి తెచ్చారు గదా. ఎక్స్‌ఎంఎల్ 1.0 సిఫారసు 1998లో వెలువడితే, మైక్రోసాఫ్ట్ డేటాబేస్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000 నాటికే, సమాచారం అడిగే సెలెక్ట్ వాక్యం చివర ‘ఫర్ ఎక్స్‌ఎంఎల్’ అని రాసుకునే వీలు కలిగింది. డేటాబేస్‌ను ప్రశ్నించే భాష అయిన ఎస్‌క్యూఎల్‌కు 2003లో వచ్చిన ప్రమాణం తన 14వ భాగాన్ని పూర్తిగా ఈ పనికే కేటాయించి, ఎలిమెంటు (తెరిచే, మూసే ట్యాగులూ వాటి మధ్యనున్నదీ) కట్టడానికి ఒక ఫంక్షన్‌ను, యాట్రిబ్యూట్లు (ట్యాగు లోపలే రాసే వివరాలు) పెట్టడానికి మరొకదాన్ని, అనేక వరుసలను ఒకే ఎలిమెంటు కింద పోగు చేయడానికి ‘ఎక్స్‌ఎంఎల్‌ఆగ్’ అనే ఇంకొకదాన్ని ఇచ్చింది. ఒక పొరను జావాలో, మరొక పొరను సీ షార్ప్‌లో రాసినా మధ్యలో నడిచే పత్రం ఒక్కటే. కాలమ్ పేరు ట్యాగుగా విలువ వెంటే ఉంటుంది కనుక చదివేవారు మూడో కాలమ్ ఏదని లెక్కపెట్టుకోనక్కరలేదు. పత్రం ఎలా ఉండాలో చెప్పే స్కీమా రాసిపెడితే తప్పుడు పత్రం లోపలికి రాదు. ఇన్ని సౌకర్యాలు ఒకచోట అమరి ఉండగా ప్రతి పొరకూ వేరే రూపం ఎందుకు?

సిద్ధాంతి: మీరు చెప్పిన సౌకర్యాలన్నీ ఒకరినొకరు ఎరుగని ఇద్దరి మధ్య పనికివచ్చేవి. ఒకే ప్రాసెస్‌లో, ఒకే మెమరీలో ఉన్న రెండు పొరలు ఒకదానినొకటి ఎరగనివి కావు. డేటాబేస్‌తో మాట్లాడే డ్రైవర్ డెసిమల్‌ను (దశాంశ సంఖ్యను) డెసిమల్‌గా, తేదీని తేదీగా మన చేతికి ఇస్తుంది. దాన్ని అక్షరాలుగా మార్చి, ట్యాగుల మధ్య పెట్టి, పక్క పొరలో పార్సర్‌తో (పత్రాన్ని చదివి విడదీసే ప్రోగ్రామ్‌తో) విప్పి, మళ్లీ డెసిమల్ చేసుకుంటే ఒరిగేదేమిటి? ఆ విలువ రకం ఏమిటో కంపైలర్ చెప్పగలిగిన చోట, దాన్ని చెరిపివేసి, స్కీమాతో తిరిగి చెప్పించుకుంటున్నాం.

పూర్వపక్షి: రకం సంగతి తరువాత చూద్దాం, ముందు ఆకారం సంగతి చూడండి. ఒక ఆర్డరు ఉంది. దానిలో ఐదు వస్తువులు ఉన్నాయి, దానికి మూడు విడతల చెల్లింపులు వచ్చాయి. ఈ మూడు టేబుళ్లను ఒకే జాయిన్‌లో కలిపితే మీకు దక్కేది పదిహేను వరుసలు. వస్తువుకూ చెల్లింపుకూ ఏ సంబంధమూ లేకపోయినా ప్రతి వస్తువు పక్కనా ప్రతి చెల్లింపూ వచ్చి కూర్చుంటుంది. ఆ వరుసల మీద చెల్లింపుల మొత్తం వేస్తే ఐదింతలు వస్తుంది, వస్తువుల మొత్తం వేస్తే మూడింతలు వస్తుంది. ఆ పొరపాటు అప్పటికప్పుడు బయటపడదు. లెక్క తేలనినాడు ఎవరో వెతకబోతే బయటపడుతుంది. అదే నేను ఆర్డరు ఎలిమెంటు కింద రెండు ఉపక్వెరీలు పెట్టి, ఒకదానిలో వస్తువులను, రెండోదానిలో చెల్లింపులను ‘ఎక్స్‌ఎంఎల్‌ఆగ్’‌తో పోగు చేస్తే, ఐదు వస్తువులు ఐదుగానే, మూడు చెల్లింపులు మూడుగానే ఉంటాయి. చదునైన వరుసలకు ఈ శక్తి లేదు. మీ సిద్ధాంతం నిలబడాలంటే ముందు దీనికి జవాబు చెప్పండి.

సిద్ధాంతి: ఈ దెబ్బ గట్టిదే, దీన్ని తప్పించుకుపోను. రెండు స్వతంత్ర సంతానాలున్న (ఇక్కడ వస్తువులు, చెల్లింపులు) టేబుల్‌ను ఒకే జాయిన్‌లో చదునుచేయడం తప్పే. అయితే ఆ తప్పు జాయిన్‌ను అలా రాసినవారిది. వరుస అనే రూపానిది కాదు. ఆర్డర్లకు ఒక క్వెరీ, ఆ ఆర్డర్ల సంఖ్యల జాబితా ఇచ్చి వస్తువులకు ఒక క్వెరీ, అదే జాబితా ఇచ్చి చెల్లింపులకు ఒక క్వెరీ, మొత్తం మూడు చాలు. వచ్చినవాటిని ఆర్డరు సంఖ్యను బట్టి ప్రోగ్రామ్‌లో జతచేసుకోవచ్చు. ఒక్కొక్క ఆర్డరుకూ విడివిడిగా డేటాబేస్ దగ్గరికి పరుగెత్తమని నేను చెప్పడం లేదు. వంద ఆర్డర్లున్నా క్వెరీలు మూడే.

ఇక ఆకారం మాట మీరే ఎత్తారు కనుక కొంచెం విస్తరించి చెప్పనివ్వండి. చెట్టు ఆకారంలో ఒక వేరు ఉండాలి, ఎవరు ఎవరి కింద ఉండాలో ముందే తేల్చాలి. ఆర్డరు కింద వస్తువును పెట్టారు. బిల్లు తయారుచేసే పొరకు అది సరిగ్గా సరిపోతుంది. నిల్వలు చూసే పొరకు వస్తువు కింద ఆర్డర్లు కావాలి. అది మీ పత్రాన్ని అందుకుని, మొత్తం నడిచి, తలకిందులు చేసుకుని, తన చెట్టును తాను కట్టుకోవాలి. 1970లో ఎడ్గర్ కాడ్ రిలేషనల్ నమూనాను ప్రతిపాదించినప్పుడు చెట్టు రూపపు ఫైళ్ల మీద మోపిన ప్రధానమైన ఆక్షేపణల్లో ఇది ఒకటి: సమాచారాన్ని ఏ దారిన చేరుకోవాలో దాని నిల్వ రూపమే నిర్ణయిస్తే, ఆ రూపం మారినరోజు ప్రోగ్రాములన్నీ విరుగుతాయి. ఆ చిక్కు నుంచి బయటపడటానికే టేబుళ్లు వచ్చాయి. టేబుళ్ల నుంచి తెచ్చుకున్న జవాబును తెచ్చిన క్షణాన తిరిగి చెట్టుగా బిగించి, అన్ని పొరలూ ఆ ఒక్క చెట్టునే ఎక్కాలనడం ఆ చిక్కును మన ప్రోగ్రామ్ మధ్యలోకి తెచ్చుకోవడమే అవుతుంది. మీరు మెచ్చుకున్న ‘ఫర్ ఎక్స్‌ఎంఎల్’‌లోని ‘ఆటో’ విధానాన్నే చూడండి. అందులో ఏ టేబుల్ దేని కింద పడుతుందన్నది సెలెక్ట్ జాబితాలో కాలమ్‌లు వచ్చే క్రమాన్ని బట్టి తేలుతుంది. ఎవరో చదవడానికి బాగుంటుందని కాలమ్‌ల క్రమం మార్చితే పత్రం ఆకారమే మారిపోతుంది. వరుసల క్రమం చెప్పే ఆర్డర్ బై మరచిపోతే ఒకే ఆర్డరుకు చెందిన వరుసలు దూరదూరంగా వచ్చి, ఆ ఆర్డరు పత్రంలో రెండు మూడు చోట్ల కనిపిస్తుంది. రిలేషనల్ నమూనాలో అర్థం లేని రెండు విషయాలకు, అంటే కాలమ్‌ల క్రమానికీ వరుసల క్రమానికీ, ఇక్కడ పెద్ద అర్థం వచ్చిపడింది.

పూర్వపక్షి: ‘ఆటో’ లోపాన్ని ఎక్స్‌ఎంఎల్ మెడకు చుట్టకండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005లో వచ్చిన ‘పాత్’ విధానంలో ఏది ఎక్కడ ఉండాలో మనమే రాస్తాం. ప్రమాణంలోని ఫంక్షన్లలోనూ అంతే. ‘ఎక్స్‌ఎంఎల్‌ఆగ్’ లోపలే ఆర్డర్ బై ఇవ్వవచ్చు.

సిద్ధాంతి: సరే, ఆకారం మనం రాసినట్లే వచ్చిందనుకుందాం. విలువ లేదని చెప్పే నల్ సంగతేమిటి? ప్రమాణంలోని ఫంక్షన్లలో ఒకటైన ‘ఎక్స్‌ఎంఎల్‌ఫారెస్ట్’‌కు నల్ ఇస్తే ఆ ట్యాగే కనిపించదు. ‘ఎక్స్‌ఎంఎల్‌ఎలిమెంట్’‌లో నల్ పెడితే ఖాళీ ట్యాగు మిగులుతుంది. ‘ఫర్ ఎక్స్‌ఎంఎల్’ మామూలుగా ట్యాగును వదిలేస్తుంది. ప్రత్యేకంగా అడిగితే ‘నిల్’ అనే యాట్రిబ్యూట్ తగిలించి పంపుతుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో క్వెరీని ఎక్స్‌ఎంఎల్‌గా మార్చే ఫంక్షన్‌కు, నల్‌లను చూపాలా వద్దా అని మనమే ఒక పరామితి ఇవ్వాలి. విలువ లేదా, ఖాళీ స్ట్రింగా (అక్షరాలే లేని పాఠ్యమా), అసలు ఆ కాలమ్‌నే అడగలేదా అన్న మూడు వేర్వేరు సంగతులు మీ పత్రంలో ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి.

పూర్వపక్షి: మీ ఇంట్లో నల్ బాగా వెలుగుతోందా? జావాలో జవాబు వరుసలుండే రిజల్ట్‌సెట్‌ను పూర్ణాంకం కోసం ‘గెట్‌ఇంట్’ అని అడిగితే నల్ ఉన్నచోట సున్నా వస్తుంది. అది నిజమైన సున్నానో కాదో తెలియాలంటే వెంటనే ‘వాజ్‌నల్’ అని మరో ప్రశ్న వేయాలి. వేయకపోతే లేని విలువ సున్నాగా లెక్కల్లోకి ఎక్కుతుంది. నా పత్రంలో కనీసం ‘నిల్’ అని కంటికి కనిపిస్తుంది.

సిద్ధాంతి: అది కనిపించేది ఎవరైనా అడిగి పెట్టించినప్పుడే.

పూర్వపక్షి: ‘వాజ్‌నల్’ పనిచేసేదీ ఎవరైనా అడిగినప్పుడే. ఒరాకిల్ డేటాబేస్ ఖాళీ స్ట్రింగునే నల్‌గా చూస్తుంది. అక్కడ ఆ రెండింటి తేడాను మీ వరుసలూ చెప్పలేవు, నా పత్రమూ చెప్పలేదు. నల్ గొడవ ఎస్‌క్యూఎల్‌దే. దాన్ని తెచ్చి నా మీద వేయడం సబబు కాదు.

సిద్ధాంతి: ‘గెట్‌ఇంట్’ విషయంలో మీ మాటను ఒప్పుకుంటున్నాను. నల్ వల్ల రెండు రూపాలకూ తలనొప్పే. ఈ తగవును ఇక్కడికి వదిలేసి, వరుసలకు లేని, మీ పత్రానికి మాత్రమే ఉన్న ప్రమాదాన్ని చూద్దాం. ఎక్స్‌ఎంఎల్ 1.0లో యూనికోడ్‌లో 32 కంటే తక్కువ సంఖ్య గల అక్షరాల్లో ట్యాబ్, లైన్‌ఫీడ్, క్యారేజ్ రిటర్న్ అనే మూడింటికే చోటుంది. వాడుకరి ఎక్కడి నుంచో కాపీ చేసి అతికించిన వ్యాఖ్యలో 11వ సంఖ్య గల వర్టికల్ ట్యాబ్ ఒకటి దూరిందనుకోండి. చాలా డేటాబేసులు దాన్ని మారుమాట లేకుండా దాచుకుంటాయి. ఆ వ్యాఖ్య ఉన్న వరుస పత్రంలోకి వచ్చిననాడు, నియమం పాటించే ఏ పార్సరూ ఆ పత్రాన్ని అంగీకరించదు. సంఖ్యా సంకేతంగా రాసినా 1.0లో అది నిషిద్ధమే. వెయ్యి వరుసల జవాబులో ఒక్క గడిలో ఉన్న ఒక్క అక్షరం మిగిలిన తొమ్మిది వందల తొంభై తొమ్మిది వరుసలను కూడా చదవనివ్వదు. వరుసలుగా ఉన్నప్పుడు ఆ అక్షరం ఆ గడికే పరిమితమై ఉండేది.

దీనికంటే తరచుగా కనిపించేది, నాకు మరింత బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. ‘ఎక్స్‌ఎంఎల్‌గా ఇవ్వండి’ అని ఒక పొరకు చెప్పగానే, లూప్‌లో వరుసలు చదువుతూ ట్యాగులను స్ట్రింగులుగా చేత్తో అతికించే కోడ్ పుట్టుకొస్తుంది. పరీక్షలకు వాడిన పేర్లలో ఎక్స్‌ఎంఎల్‌లో ప్రత్యేక అర్థం గల యాంపర్‌శాండ్ (&) ఉండదు, చిన్నది అనే గుర్తు (<) ఉండదు కనుక అది పనిచేస్తున్నట్లే కనిపిస్తుంది. యాంపర్‌శాండ్ ఉన్న మొదటి సంస్థ పేరు రాగానే పత్రం విరిగిపోతుంది. ఇంకా ఘోరమేమిటంటే, ఎవరైనా తమ పేరు గడిలో ట్యాగులే రాస్తే అవి పత్రంలో నిజమైన ట్యాగులై కూర్చుంటాయి. లేని చెల్లింపు ఉన్నట్లు కనిపించవచ్చు. పత్రాన్ని చదివే వైపు కూడా, పార్సర్‌లో బయటి ఎంటిటీలను (పత్రంలోకి వేరే ఫైళ్లను పిలిచే సూచనలను) ఆపకపోతే, బయటివారు పంపిన పత్రం మన సర్వర్‌లోని ఫైళ్లను చదివించగలదు. రెండు పొరల మధ్య ఒక ఆబ్జెక్టును అందించడానికి ఇన్ని తలుపులు తెరవవలసిన అవసరం ఏమిటి?

పూర్వపక్షి: చేత్తో అతికించడాన్ని నేనూ సమర్థించను, రాయడానికి లైబ్రరీలున్నాయి. కాని మీరు నిందించిన ఆ కచ్చితత్వమే ఒకచోట రక్షణ అవుతుంది. కామాలతో వేరుచేసిన ఫైలు సగంలో వరుస చివర తెగిపోతే, మిగిలిన సగం సంపూర్ణమైన ఫైలులాగే కనిపిస్తుంది. ఎక్స్‌ఎంఎల్ పత్రం తెగితే మూల ఎలిమెంటు ముగింపు ట్యాగు ఉండదు. పార్సర్ అక్కడే నిలదీస్తుంది.

సిద్ధాంతి: ఆ గుణం కోసమే సరిహద్దులో ఎక్స్‌ఎంఎల్ ఉండాలంటున్నాను. ప్రోగ్రామ్ లోపల వరుసలు తెగితే డ్రైవరే ఎక్సెప్షన్ (లోపం ఉందన్న సంకేతం) విసురుతుంది.

పూర్వపక్షి: సరిహద్దులో మాత్రం ఎక్స్‌ఎంఎల్ ఎందుకు? మీ లెక్కన అక్కడ జేసన్ అనే మరో పాఠ్య రూపం చాలదా?

సిద్ధాంతి: చాలాచోట్ల చాలుతుంది. అయితే జేసన్‌లోని సంఖ్యను డబుల్‌గా (పరిమిత కచ్చితత్వం గల సంఖ్యగా) చదివే ప్రోగ్రాములు అనేకం. రెండు పైన 53వ ఘాతాన్ని, అంటే 9,00,71,99,25,47,40,992ను దాటిన పూర్ణాంకం అక్కడ నిశ్శబ్దంగా మారిపోవచ్చు. ఎక్స్‌ఎంఎల్ స్కీమాలో డెసిమల్ అని రాస్తే అంకెలు అంకెలుగానే చేరతాయి. రెండు సంస్థల మధ్య ఒప్పందం స్కీమాగా ఉన్నప్పుడు, ఏ తేదీకి ఏ టైమ్‌జోన్, ఏ గడి తప్పనిసరి అన్నవన్నీ కాగితం మీది మాటలుగా మిగలకుండా యంత్రం తనిఖీ చేయగలవి అవుతాయి. ఇలాంటి చోట ఎక్స్‌ఎంఎల్‌ను తీసేయమని ఎవరైనా అంటే నేనే అడ్డుపడతాను.

పూర్వపక్షి: అయితే నా చివరి ప్రశ్న. మీ మూడు క్వెరీల మందు గురించి మీరు ఒక మాట చెప్పకుండా దాటేశారు. ‘రీడ్ కమిటెడ్’ అనే ఐసొలేషన్ స్థాయిలో (ఒకేసారి జరిగే పనుల్లో ఒకరి మార్పులు మరొకరికి ఎంత కనిపించాలో చెప్పే అమరికలో) పోస్ట్‌గ్రెస్ ప్రతి వాక్యానికీ వేరే స్నాప్‌షాట్ (ఆ క్షణపు డేటా చిత్రం) ఇస్తుంది. మీరు ఆర్డర్లు చదివి, వస్తువులు చదివి, చెల్లింపులకు వెళ్లేలోగా మరెవరో ఒక వస్తువును తొలగించి ఆ మేరకు చెల్లింపును తగ్గించవచ్చు. మీ ఆబ్జెక్టులో పాత వస్తువులూ కొత్త చెల్లింపులూ కలిసి, డేటాబేస్‌లో ఏ క్షణానా లేని ఆర్డరు ఒకటి తయారవుతుంది. నా ఒక్క వాక్యం ఒక్క క్షణాన్నే చూస్తుంది.

సిద్ధాంతి: మూడు క్వెరీలనూ ‘రిపీటబుల్ రీడ్’ స్థాయిలో ఒకే ట్రాన్సాక్షన్‌లో (డేటాబేస్ ఒకే పనిగా చూసే కట్టలో) పెట్టాలి. పోస్ట్‌గ్రెస్‌లో అప్పుడు మూడూ ఒకే స్నాప్‌షాట్‌ను చూస్తాయి.

పూర్వపక్షి: పెట్టాలి, నిజమే. ఎందరు పెడతారు? నా పద్ధతిలో అది గుర్తుంచుకోవలసిన పని కాదు.

సిద్ధాంతి: ఆ మాట కాదనలేను. మూడు క్వెరీలు రాసేవారు ఐసొలేషన్ స్థాయి గురించి ఆలోచించకపోతే మీరు చెప్పిన తప్పుడు ఆర్డరు వచ్చితీరే రోజు ఉంటుంది. కనుక నా వాదాన్ని ఇంతవరకు సవరించుకుంటాను: స్వతంత్ర సంతానాలు ఒకటికి మించి ఉండి, అన్నీ ఒకే క్షణానివి కావలసివస్తే, డేటాబేస్‌ను ‘ఎక్స్‌ఎంఎల్‌ఆగ్’‌తో ఒకే వాక్యంలో అడగవచ్చు. కాని ఆ పత్రాన్ని డేటా పొరలోనే విప్పి, రకాలున్న ఆబ్జెక్టులుగా మార్చి పైకి ఇవ్వాలి. బిల్లు పొరకు గాని నిల్వల పొరకు గాని డేటాబేస్ నుంచి జవాబు ట్యాగులలో వచ్చిందని తెలియవలసిన పనిలేదు.

పూర్వపక్షి: విప్పే ఖర్చు?

సిద్ధాంతి: ఆ ఒక్కచోట భరిద్దాం. మీ పద్ధతిలో అదే ఖర్చును ప్రతి పొరా భరిస్తోంది.