సోమలింగానికి పన్నెండుమంది తండ్రులు

చెన్నైలో గిండీ మీదుగా తాంబరం దాటి చెంగల్పట్టు వైపు సాగే జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు మన దేశ విజ్ఞాన ప్రగతికి రెండు విధాల సేవ చేస్తున్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా దక్షిణాది రాష్ట్రాల పేటెంట్ దరఖాస్తులు వచ్చి చేరే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం గిండీలో ఈ రోడ్డు మీదనే ఉన్నది. ఆ కార్యాలయం దరఖాస్తును ఇంకా చదవక ముందే పేటెంట్ సాధించేసిన ఆచార్యుల ఫ్లెక్సీలు తాంబరం దాటిన తర్వాత ఇదే రోడ్డు మీద దర్శనమిస్తాయి. మనవాళ్ళ యాజమాన్యంలోనే నడిచే ఒక ఇంజనీరింగ్ కళాశాల గేటు ముందు అలాంటి ఫ్లెక్సీ ఒకటి ఈ మధ్య వెలసింది. కళాశాల పేరు చెప్పను. పాఠకులు తమకు తెలిసిన ఏ కళాశాల పేరు పెట్టుకుని చదివినా వ్యాసానికి నష్టం లేదు.

ఆ ఫ్లెక్సీలో అన్నిటికంటె పెద్ద ఫొటో చైర్మన్ గారిది. ఆయన ఏమీ కనిపెట్టలేదు గనుక ఆ ఫొటో ఒక్కటే అందులో నిజాయితీ గలది. ఆయన పాదాల దగ్గర తపాలా బిళ్ళల పరిమాణంలో పన్నెండుమంది ఆవిష్కర్తలు కొలువుదీరి ఉన్నారు. వారందరూ కలిసి ‘మెషిన్ లెర్నింగ్, ఐఓటీ, బ్లాక్‌చైన్ ఆధారిత స్మార్ట్ నీటి తొట్టి నిర్వహణ వ్యవస్థ’కు పేటెంట్ సాధించినారట. తొట్టి నిండగానే కూత పెట్టే పరికరం మైలాపూరు నుంచి మైదుకూరు దాకా ఎన్నో మేడల మీద ఏళ్ళ తరబడి కూస్తూనే ఉన్నది కదా అని మీరు అడగవచ్చు. ఆ కూతలో బ్లాక్‌చైన్ లేదు. తొట్టి నిండిన సంగతిని భావి తరాలు తారుమారు చేయకుండా ఈ పన్నెండుమంది కట్టుదిట్టం చేసినారు.

ఇక సాధించినది ఏమిటో చూద్దాం. దరఖాస్తుకు రుసుము 1,600 రూపాయలు. సాధారణంగా 18 నెలల తర్వాత గాని దరఖాస్తు ప్రచురితం కాదు. అంతకాలం ఆగలేని వారు ఫారం 9తో మరో 2,500 రూపాయలు చెల్లిస్తే నెల రోజులలో ప్రచురిస్తారు. ప్రతి శుక్రవారం వెలువడే పేటెంట్ జర్నల్‌లో దరఖాస్తు సంఖ్య, శీర్షిక, పేర్లు, సంగ్రహం అచ్చవుతాయి. ఆ ఆవిష్కరణ కొత్తదా, పాతదా, అసలు పనిచేస్తుందా అని అప్పటికి ఏ పరీక్షాధికారీ చూసి ఉండడు, ఎందుకంటే పరీక్షించమని విడిగా కోరాలి, దానికి విడిగా రుసుము కట్టాలి. అంటే 4,100 రూపాయలు చెల్లించగల స్తోమత తమకు ఉన్నదని కేంద్ర ప్రభుత్వం చేత ధ్రువీకరింపజేసుకున్న ఆ జర్నల్ పుటనే రంగుల్లో అచ్చువేసి, లామినేషన్ చేయించి, శాలువాతో పాటు ఆచార్యులకు బహూకరిస్తున్నారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న మన పెద్దలకు కూడా, ఆ సోమలింగానికి వివిధ రాష్ట్రాలలో పన్నెండుమంది తండ్రులు ఉండగలరన్న ఊహ తట్టలేదు.

ఈ పన్నెండుమందిలో ఒకరు ఈ కళాశాల వారు, తక్కినవారు గుంటూరు, కోయంబత్తూరు, భోపాల్ వంటి ఊళ్ళలోని వేరు వేరు కళాశాలల వారు. వారిని కలిపినది విజ్ఞాన తృష్ణ కాదు, వాట్సాప్ గ్రూపు. మొదటి పేరుకు ఒక ధర, నాలుగవ పేరుకు ఒక ధర, చివరి పేరుకు సరసమైన ధర అని అందులో ప్రకటిస్తారు. శీర్షిక ఏమిటన్నది డబ్బు చేరిన తర్వాత తెలుస్తుంది. ఈ దరఖాస్తు ఎప్పుడైనా పొరపాటున పరీక్ష దశకు చేరి, పేటెంట్ కార్యాలయంలో తీర్పు చెప్పే కంట్రోలర్ గారు వీడియో కాన్ఫరెన్సులో విచారణకు పిలిచినారని ఒక్కసారి ఊహించండి.

ఉదయం పదిన్నరకు పన్నెండు కిటికీలు తెరుచుకుంటాయి. ఆవిష్కర్తలు ఒకరి ముఖం ఒకరు చూడటం అదే ప్రథమం కాబట్టి మొదట పరిచయాలు జరుగుతాయి. ‘‘తొట్టిలో ఏ భాగాన్ని ఎవరు కనిపెట్టినారండీ?’’ అని కంట్రోలర్ గారు మర్యాదగా అడుగుతారు. శీర్షిక తనదేనని మొదటివారు వినయంగా విన్నవిస్తారు. శీర్షికలో మెషిన్ లెర్నింగ్ లేదని గమనించి దానిని చేర్చినది తామేనని రెండవవారు, ఐఓటీ తమదని మూడవవారు చెబుతారు. బ్లాక్‌చైన్ ఎవరిదన్న దగ్గర నాలుగవవారికీ అయిదవవారికీ మాట పట్టింపు వస్తుంది. ఆరవవారు మైకు ఆపుకుని అయిదు నిమిషాలు అనర్గళంగా మాట్లాడతారు. ఏడవవారు, ‘‘సార్, ఇది తొట్టి పేటెంటా, టోపీ పేటెంటా? ఈ నెలలో నావి నాలుగు ఉన్నాయండీ,’’ అని ఫైలు వెదుక్కుంటారు. తొమ్మిదవవారు దీనిని అధ్యాపక శిక్షణ కార్యక్రమం అనుకుని, ఫీడ్‌బ్యాక్ ఫారం లింకు ఎప్పుడు పెడతారనీ ఈ-సర్టిఫికెట్ ఈ రోజే వస్తుందా అనీ చాట్‌లో అడుగుతారు. అది చూసి పదవవారు, పదకొండవవారు తమ మెయిల్ ఐడీలు కూడా అక్కడే పెడతారు. పన్నెండవవారు మాత్రం చివరిదాకా మౌనంగా ఉంటారు. ఆయన ఆ కళాశాల వదిలి రియల్ ఎస్టేట్‌లోకి వెళ్ళి చాలా కాలమైనదని తర్వాత తెలుస్తుంది. కంట్రోలర్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటారు.

అధ్యాపకులను మాత్రమే నిందించడం అన్యాయం. కేంద్ర ప్రభుత్వం ఉన్నత విద్యాసంస్థలకు 2016 నుంచి ప్రకటిస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులలో మంజూరైన పేటెంట్లతో పాటు, కేవలం ప్రచురితమైన దరఖాస్తులకు కూడా మార్కులు ఉన్నాయి. మార్కులు ఎక్కడ ఉంటే మన విద్యావ్యవస్థ అక్కడ ఉంటుంది. 2023-24లో దేశంలో దాఖలైన దరఖాస్తులు 92 వేలు దాటినాయని ప్రభుత్వం గర్వించింది. వాటిలో తొట్లు ఎన్నో ఎవరూ చెప్పలేదు. ఇంకొంచెం ఆశ గలవారు ‘అంతర్జాతీయ పేటెంట్’ కూడా కొంటున్నారు. అలాంటిది భూమి మీద లేదు, ఏ దేశపు పేటెంట్ ఆ దేశానిదే. వారు కొంటున్నది బ్రిటన్‌లో వస్తువు ఆకారానికి చేసే డిజైన్ రిజిస్ట్రేషన్. కొత్తదా కాదా అని అక్కడ పరీక్షించకుండానే నమోదు చేస్తారు. ఒక పెట్టె బొమ్మ గీసి, కాన్సర్‌ను గుర్తించే కృత్రిమ మేధ యంత్రమని పేరు పెడితే, ఆ పెట్టె ఆకారానికి కింగ్ చార్లెస్ గారి ప్రభుత్వ రక్షణ లభిస్తుంది. కాన్సర్‌తో ఆ పెట్టెకు ఏ సంబంధమూ ఉండదు.

అమ్మే వస్తువుకు లేని పేటెంట్ ఉన్నదని అబద్ధం చెబితే పేటెంట్ చట్టం 120వ సెక్షన్ కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా విధించవచ్చు. అయితే ఆ సెక్షన్ అమ్మకపు వస్తువులకే వర్తిస్తుంది. ప్రవేశాల కాలంలో ప్రాస్పెక్టస్‌లో ఆచార్యుల ఫొటోలు వేసి తల్లిదండ్రులకు చూపే కళాశాలలో ఆచార్యులు అమ్మకపు వస్తువులు అవుతారా కారా అన్నది న్యాయకోవిదులు తేల్చవలసిన విషయం.

పేటెంట్ కార్యాలయం ఉన్న గిండీ ప్రాంగణంలోనే, ఒక ఊరి పేరుతో ప్రసిద్ధమైన సరుకులను నమోదు చేసే భౌగోళిక గుర్తింపుల (జీఐ) రిజిస్ట్రీ కూడా ఉన్నది. 2009లో తిరుపతి లడ్డు నమోదైనది అక్కడే. ఏడుకొండలవాడి ప్రసాదం కూడా పరిశీలనకు నిలబడి గాని ధ్రువపత్రం పొందలేదు. మన తొట్టికి ఆ అవసరం కలగలేదు.

పేటెంట్ అంటే గోడకు తగిలించుకునే పటం కాదు. 2012 మార్చిలో మన హైదరాబాదు నాట్కో సంస్థకు, బేయర్ కంపెనీ పేటెంట్ ఉన్న కాన్సర్ మందును తయారు చేయడానికి ఇదే పేటెంట్ వ్యవస్థ నిర్బంధ లైసెన్సు, అంటే పేటెంట్ యజమాని ఒప్పుకోకపోయినా చెల్లే అనుమతి, ఇచ్చింది. నెలకు సుమారు 2 లక్షల 80 వేల రూపాయలు పలికిన ఆ మందు 9 వేల లోపుకు దిగింది. మరుసటి సంవత్సరం ఆ లైసెన్సును నిలబెట్టిన అప్పీళ్ళ బోర్డు చెన్నైలోనే ఉండేది. ఒక కుటుంబం పొలం అమ్ముకోవాలా వద్దా అన్నది నిర్ణయించగల చట్టం ఇది. ఆచార్యులారా, దాన్ని మీరు శాలువాలు కప్పుకోవడానికి వాడుకుంటున్నారు.

ఇక నవ్వలేని సంగతి. అదే కళాశాలలో నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు చివరి సంవత్సరం ప్రాజెక్టుగా, వాళ్ళ నాన్న రొయ్యల చెరువు కోసం ఒక పరికరం చేసినాడు. తెల్లవారుజామున చెరువు నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. ఆ వేళ కరెంటు పోయి, నీటికి గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే, మనిషి మేలుకునే లోపు పంట తేలిపోతుంది. అతని పరికరం ఆక్సిజన్ పడిపోక ముందే ఫోను మోగిస్తుంది. మూడు నెలలు చెరువు గట్టున పడుకుని సరిచూసుకున్న వస్తువు అది. ఆ పరికరానికి కళాశాల వేసిన పేటెంట్ దరఖాస్తులో అతని పేరు లేదు. శాఖాధిపతి పేరు ఉన్నది, ప్రిన్సిపాల్ పేరు ఉన్నది, రొయ్యను పళ్ళెంలో తప్ప చూసి ఎరుగని చైర్మన్ గారి అబ్బాయి పేరు మొదట ఉన్నది. నిజమైన, తొలి ఆవిష్కర్తలు వీరేనని సంతకాలు పెట్టి మరీ ప్రకటించినారు. ఇది దొంగతనం. దీనికి వేరే మర్యాదైన పేరు వెదికే ఓపిక నాకు లేదు. చట్టం ఆ కుర్రవాడికి దారి చూపకపోలేదు: ఆవిష్కర్తగా తన పేరు చేర్చమని కోరవచ్చు, తన దగ్గర నుంచి కాజేసినారని మంజూరుకు ముందే అభ్యంతరం తెలపవచ్చు. కాని అతని ఇంటర్నల్ మార్కులు శాఖాధిపతి చేతిలో, టీసీ ప్రిన్సిపాల్ బీరువాలో ఉన్నప్పుడు ఏ సెక్షన్ ఎత్తి చూపమంటారు? ‘‘పోనీలే అన్నా, ఉద్యోగం వచ్చింది కదా,’’ అని నాతో అన్నాడు. ఇరవై రెండేళ్ళ వయసుకే ఆ మాట అనడం అతనికి నేర్పిన ఘనత కూడా ఆ కళాశాలదే.

కుర్రవాడు ఇప్పుడు షోలింగనల్లూరులో ఒక కంపెనీలో ఎవరిదో సాఫ్ట్‌వేర్ పరీక్షిస్తున్నాడు. దరఖాస్తు ప్రచురితమైనది, కళాశాలకు రావలసిన మార్కులు వచ్చినాయి. దాన్ని పరీక్షించమని కోరడానికి రుసుము 4,000 రూపాయలు. 31 నెలలలోగా కోరకపోతే దరఖాస్తును ఉపసంహరించుకున్నట్లుగానే పరిగణిస్తారు. ఆ సొమ్ముకు బడ్జెటులో పద్దు లేదని కళాశాల లెక్కల విభాగం తేల్చింది. సన్మాన సభలో పూలదండలకు, శాలువాలకు, మధ్యాహ్న భోజనానికి పద్దు ఉన్నది.