ఊహకు గ్రేస్ మార్కులు కలపాలి

ఇంజినీరింగ్ పాసవ్వాలంటే పుస్తకం తెరవాలన్న ఛాందసం హైదరాబాద్‌లో ఇంకా పూర్తిగా పోలేదు. అమీర్‌పేట హాస్టళ్లు మాత్రం ఎప్పుడో వదిలించుకున్నాయి. అక్కడ మంచానికి ఎదురుగా గోడ మీద స్కెచ్ పెన్నుతో, రావాల్సిన గ్రేడు ‘9.5’ అని రాసి ఉంటుంది. పొద్దున్నే విద్యార్థి దాన్ని చూసి కళ్లు మూసుకుంటాడు. ఆఫర్ లెటర్ వస్తుంది, అమ్మ కళ్లు తుడుచుకుంటుంది, మేనమామ పిల్లనిస్తానంటాడు, ఇతను మర్యాదగా ఆలోచించి చెబుతానంటాడు. ఇంత కార్యక్రమం ముగిసేసరికి మెస్‌లో ఇడ్లీలు అయిపోతాయి. థర్మోడైనమిక్స్ పుస్తకమూ ఖాళీగా ఏమీ లేదు, ఫోను ఆనించుకోవడానికి పనికొస్తోంది.

ఇంతటి నిష్ఠకు 1999లోనే అవమానం జరిగింది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లియన్ ఫామ్, షెల్లీ టేలర్ అనే పరిశోధకులు మిడ్‌టర్మ్ పరీక్షకు ముందు కొందరు విద్యార్థులను రోజూ 5 నిమిషాలు మంచి గ్రేడు వచ్చినట్టు ఊహించుకోమన్నారు. మరికొందరిని ఆ గ్రేడు కోసం కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకోమన్నారు. చదువును ఊహించుకున్నవాళ్లు ముందుగానే పుస్తకం పట్టి, మార్కులూ ఎక్కువ తెచ్చుకున్నారు. గ్రేడును ఊహించుకున్నవాళ్లు చదివిన గంటలూ తక్కువే, వచ్చిన మార్కులూ తక్కువే.

పాపం, వాళ్ల తప్పేముంది? గ్రేడు చేతికొచ్చాక ఇంకా ఎవరు చదువుతారు?

పైగా ఆ రెండో రకం ఊహ ఎంత నీరసమో చూడండి. కుర్చీ లాక్కున్నాను, ఫోను పక్క గదిలో పెట్టాను, ఆరో అధ్యాయంలో రెండో లెక్క తెగలేదు, మళ్లీ మొదలుపెట్టాను. ఇదీ ఒక కలేనా? ఈ కల చూపిస్తామని టికెట్టు పెడితే ఏ ఫంక్షన్ హాలు నిండుతుంది? చిక్కడపల్లి గ్రంథాలయానికి టిఫిన్ డబ్బాతో చేరే ఉద్యోగార్థులు దాన్ని ఊహించుకోవడం కూడా మానేసి నేరుగా చేసేస్తున్నారు. అంత కల్పనా దారిద్ర్యం!

చిలుకూరు బాలాజీ దగ్గర కూడా కోరుకోవడానికి 11 ప్రదక్షిణలు, తీరాక 108 చేయాలి. ఊహకు లేచి నిలబడే పని కూడా లేదు. కాబట్టి విశ్వవిద్యాలయాలు వెంటనే హాజరు, ఇంటర్నల్స్‌తో పాటు ఊహకూ 20 మార్కులు కేటాయించాలి. కళ్లు ఎంత గట్టిగా మూశాడో ఇన్విజిలేటర్ చూసి వేస్తాడు.

‘విజయాన్ని ముందే చూడండి’ అని శిక్షణనిచ్చే సంస్థలకు ఇందులో సలహా మండలి హోదా ఇవ్వవచ్చు. వాళ్లకు అనుభవం ఉంది. ఫీజు కట్టేసినట్టు ఊహించుకుని వచ్చిన కుర్రాణ్ని మాత్రం గుమ్మం దగ్గరే ఆపి, రసీదు చూపించమంటారు.