అక్షరాలు జనవరిలోనే ఎందుకు?

"దసరా వెళ్ళింది, దీపావళీ అయింది. మావాడికి ఇంకా అ ఆలు రాలేదు టీచరుగారూ!" ఈ ఏడాది ఇలా అడిగినవారు 11 మంది. అడగడంలో మర్యాద ఉంది, అనుమానమూ ఉంది. తెలుగునేలకు దూరంగా పెరుగుతున్న మన పిల్లల వారాంతపు తెలుగు బడిలో జీతం లేని పంతులమ్మనే అయినా జవాబు చెప్పాల్సింది నేనే.

అవును, మా తరగతిలో అక్షరాలు జనవరిలోనే మొదలవుతాయి. క్రిస్మస్ సెలవుల దాకా మాటలే. కావాలనే అలా పెట్టాను.

మొదట్లో నేనూ 56 అక్షరాలతోనే మొదలుపెట్టాను. మే నెలకల్లా పిల్లలు గుణింతాలు గడగడా అప్పజెప్పేవారు, వార్షికోత్సవంలో చప్పట్లు మోగేవి. అలా బహుమతి తెచ్చుకున్న ఒక పాపను, వేదిక దిగగానే, ఊరినుంచి వచ్చిన అమ్మమ్మ "ఆకలేస్తోందా తల్లీ?" అని అడిగింది. పాప నా వైపు చూసింది, అదేమిటో చెప్పమన్నట్టు.

మనం బడికి వెళ్ళేనాటికే తెలుగు మన నోట్లో ఉంది. పలక మీద ‘తల’ అని రాస్తే, తెలిసిన మాటే కంటికి కనిపించింది. ఇక్కడి పిల్లలకు ఆ మాటే కొత్త. వాళ్ళచేత ఌ, ౡ దిద్దించి ఏం లాభం? వాటితో మొదలయ్యే మాట ఒక్కటి చెప్పమని ఒక తండ్రిగారిని అడిగాను. ఇంకా ఆలోచిస్తున్నారు.

ఉన్నది వారానికి రెండు గంటలు. అందులో ఉల్లిపాయలు బేరమాడతాం, అత్త ఎవరో పిన్ని ఎవరో తేల్చుకుంటాం. జనవరిలో ల, త, వ, క నేర్పితే చాలు, తల, వల, కల, లత వాళ్ళే చదువుతారు. వరుసక్రమం చివర్లో చెబుతాను.

ఏటా ఆగస్టు 29న, వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజున, మన తెలుగు సంఘం ఆయన పటానికి దండ వేస్తుంది. పర్లాకిమిడిలో ఆ పంతులుగారు సవర గిరిజనుల పిల్లలకు చదువు చెప్పడానికి ముందు తానే సవర భాష నేర్చుకున్నారు. పిల్లల నోట ఉన్న మాటనుంచే చదువు మొదలవ్వాలని ఆయన పట్టు. మా పిల్లల నోట ఆ మాట లేదు కాబట్టి ముందు దాన్ని పెడుతున్నాను.

నష్టం లేదనను. మా పిల్లల దస్తూరి బాగుండదు, చూచిరాత పోటీలో వెనకబడతారు. ఆ మాట ముందే చెప్పనందుకు నన్ను తప్పుపట్టవచ్చు.

ఈసారి వార్షికోత్సవంలో మా తరగతి గుణింతాలు అప్పజెప్పదు. వేదిక మీదనుంచే తాతయ్యలకు, అమ్మమ్మలకు ఫోను చేసి మాట్లాడతారు. "తాతయ్యా, నువ్వు ఎప్పుడు వస్తుంది?" అని ఒకడు తప్పకుండా అంటాడు. నేను అక్కడ సరిదిద్దను.