హ్యాంగింగ్ లేక్‌కి పర్మిట్ ఎందుకు?

(కొలరాడో కొండల్లో, వైట్ రివర్ నేషనల్ ఫారెస్ట్‌లో ఉన్న హ్యాంగింగ్ లేక్‌కి వెళ్లాలంటే 2019 నుంచి ముందుగా పర్మిట్ కొనుక్కోవాలి. రోజుకు 615 మందికే అనుమతి. ఇది సబబేనా అని ఒక అక్కకీ తమ్ముడికీ మధ్య వాదన.)

తమ్ముడు: నేషనల్ ఫారెస్ట్ జనం ఆస్తి అక్కా! పొద్దున్నే లేచి ఆకాశం చూసి, "పద, ఇవాళ కొండెక్కుదాం" అనుకోవడంలోనే సగం ఆనందం ఉంది. దాన్ని తీసేసి బుకింగ్ పెట్టారు.

అక్క: ఆ సరస్సు గట్టు దేనితో కట్టిందో తెలుసా? నీళ్లలో కరిగిన సున్నం పొర మీద పొర పేరుకుంటూ కట్టింది. ట్రావెర్టైన్ అంటారు. తొక్కితే విరుగుతుంది. మన ఒంటి జిడ్డు నీళ్లలో కలిసినా దానికి చేటే. అందుకే అందులో దిగడం నిషేధం. పర్మిట్లు లేనప్పుడు వేసవిలో ఒక్కరోజే వెయ్యిమందికి పైగా ఎక్కిన సందర్భాలున్నాయిరా.

తమ్ముడు: దిగినవాళ్లకి ఫైన్ వెయ్యండి. బుద్ధిగా చూసి వచ్చేవాణ్ణి ఆపడమెందుకు?

అక్క: విరిగిన గట్టు ఫైన్‌తో అతుక్కోదు. పైగా ఆ దారి ఇరుకు, మైలుకి కాస్త ఎక్కువ దూరంలోనే వెయ్యి అడుగులు ఎక్కాలి. అంత జనం ఎదురెదురు పడితే రాళ్ల మీద నిలబడే చోటు కూడా ఉండదు.

తమ్ముడు: మరి ఇదే అడవిలోని మరూన్ బెల్స్ శిఖరాలు? అక్కడ గట్టు లేదుగా! అయినా సీజన్లో పగలు సొంత కార్లని పోనివ్వరు, బస్సెక్కాలి.

అక్క: ఆ లోయలో కార్ల బారులు లేవు కాబట్టే జంట శిఖరాల నీడ నీళ్లలో ప్రశాంతంగా చూడగలుగుతున్నాం. ఇదే అడవిలో ట్రాపర్స్ లేక్ సంగతి విను. 1919లో ఫారెస్ట్ సర్వీస్ ఆర్థర్ కార్‌హార్ట్ అనే ఉద్యోగిని అక్కడ వేసవి ఇళ్లకి స్థలాలు కొలవమని పంపింది. ఆయన పని పూర్తిచేసి, ఇక్కడ ఏమీ కట్టొద్దని పై అధికారులకి చెప్పాడు. వాళ్లు విన్నారు. ఆ మాట వినకపోయుంటే ఒడ్డంతా కొందరి వాకిళ్లయ్యేది. నువ్వడిగే స్వేచ్ఛ అప్పుడు ఎక్కడుండేది?

తమ్ముడు: ఇళ్లు కట్టడం వేరు, నడిచి చూడ్డం వేరు. అయినా హ్యాంగింగ్ లేక్ వరకు ఒప్పుకుంటాను. కానీ ఇది దాదాపు 23 లక్షల ఎకరాల అడవి. సున్నితమైన చోటికి హద్దు పెట్టండి, మిగతా దారులు వదిలెయ్యండి.

అక్క: చాలా దారులకి ఇప్పుడూ పర్మిట్ అక్కర్లేదు. జనమే ఫోటోల్లో చూసిన చోటికి ఎగబడుతున్నారు.

తమ్ముడు: సరే. మరి సెలవు ఎప్పుడు దొరుకుతుందో ముందురోజు దాకా తెలియని కూలీకి? వాళ్లకోసం రోజూ కొన్ని పర్మిట్లు విడిగా ఉంచాలి.

అక్క: అది మాత్రం న్యాయమైన మాట. ఆ విషయంలో నీతో పాటు నేనూ అడుగుతాను.